దానం మీద వ్యాపార ముద్ర

తెలుగునాట ఏ పాత మసీదులోకి వెళ్ళినా గోడ గడియారం మీదనో, పంకా రెక్కల మీదనో, వుజూ చేసే హౌజు గట్టు మీదనో ఎవరో ఒకరి పేరు కనిపిస్తుంది. ఫలానా వారి తరఫున అనో, ఫలానా మర్హూమా జ్ఞాపకార్థం అనో రంగుతో వ్రాయించి ఉంటుంది. చనిపోయిన తల్లికి పుణ్యఫలం చేరాలని కొడుకు చేయించిన ఏర్పాటు కావచ్చు. నమాజుకు వచ్చినవారిలో ఏ ఒక్కరైనా ఆమె కోసం దుఆ చేయకపోతారా అన్న ఆశ దాని వెనుక ఉండవచ్చు. దీనిని చూచి సాధారణంగా ఎవరూ ఆక్షేపించరు.

కొన్ని దశాబ్దాలుగా దానవస్తువుల మీద మరొక రకమైన పేరు కనిపిస్తున్నది. అది కంపెనీ పేరు. దానితోపాటు కంపెనీ గుర్తు, కంపెనీ రంగులు, ఒక్కొక్కసారి అది అమ్మే సరుకు బొమ్మ కూడా ఉంటాయి. రమజాను మాసంలో పంచే రేషను సంచుల మీద, వరద బాధితులకిచ్చే దుప్పట్ల మీద, ఆసుపత్రికిచ్చిన అంబులెన్సు మీద, అనాథ బాలల పుస్తకాల సంచుల మీద ఈ ముద్ర ఉంటుంది. పంకా మీది పేరు చూచేవాని నుండి దుఆ కోరుతుంది. సంచి మీది పేరు చూచేవాణ్ణి దుకాణానికి రమ్మంటుంది.

ఇట్టి దానం దానమేనా? దీనికి పుణ్యఫలం ఉంటుందా? జకాతు సొమ్ముతో ఇలా చేయవచ్చునా? ఇచ్చేవాడు పేరు కోరినప్పుడు మదరసాగానీ అనాథాశ్రమంగానీ పుచ్చుకోవచ్చునా? ముస్లింలలో కంపెనీలు, కర్మాగారాలు, ఆసుపత్రులు నడిపేవారి సంఖ్య పెరుగుతున్న ఈ కాలంలో ఇవి ఊహాజనితమైన ప్రశ్నలు కావు. ప్రతి రమజానులోనూ ఏదో ఒక కమిటీ ముందుకు వచ్చే ప్రశ్నలే.

దివ్య ఖుర్‌ఆన్ గీసిన హద్దు

బహిరంగంగా దానం చేయడాన్ని ఖుర్‌ఆన్ నిషేధించలేదు. అల్ బఖరా అధ్యాయంలోని 271వ ఆయతు బహిరంగ దానాన్ని మంచిదిగానే పేర్కొని, పేదలకు రహస్యంగా అందించడం అంతకంటే మేలని తెలుపుతున్నది. 274వ ఆయతు రేయింబవళ్ళు, రహస్యంగానూ బహిరంగంగానూ ఖర్చు పెట్టేవారిని ప్రశంసిస్తున్నది. కనుక నలుగురికీ తెలిసినంత మాత్రాన దానం చెడిపోతుందని చెప్పడానికి వీలులేదు.

మరి దానాన్ని వ్యర్థం చేసేది ఏమిటి? అదే అధ్యాయంలోని 264వ ఆయతు రెండు దోషాలను పేర్కొన్నది. ఒకటి ‘మన్న్’, అనగా చేసిన మేలును ఎత్తి చూపడం. రెండవది ‘అజా’, అనగా పుచ్చుకున్నవాని మనసు నొప్పించడం. ఈ దోషాలకు పాల్పడేవాణ్ణి జనం చూడాలని ధనం వెచ్చించేవానితో పోల్చి, ఆ ఆయతు ఒక ఉపమానం చెప్పింది. నున్నని బండ మీద పలుచని మట్టి పొర ఉంటుంది. పెద్ద వాన కురిస్తే ఆ మట్టి కాస్తా కొట్టుకుపోతుంది. వానకు ముందు చూచినవానికి అది సాగుకు పనికివచ్చే నేలలాగే కనిపిస్తుంది. విత్తనం చల్లినవానికే అసలు సంగతి తెలుస్తుంది.

ఎత్తి చూపడమంటే నోటితో దెప్పడమేనని చాలామంది భావిస్తారు. అనాథ బాలునికి కంపెనీ గుర్తు అచ్చు వేసిన చొక్కా ఇచ్చారనుకుందాం. ఆ బాలుడు బడికి వెళ్ళినప్పుడల్లా అతడు ఎవరి దానం మీద బ్రతుకుతున్నాడో తోటి పిల్లలందరికీ తెలుస్తుంది. దాత నోరు విప్పనక్కరలేదు, చొక్కాయే ప్రతిరోజూ ఆ మాట చెబుతుంది. అద్దహ్ర్ అధ్యాయంలోని 8, 9 ఆయతులు పేదలకు, అనాథలకు, ఖైదీలకు అన్నం పెట్టి, వారి నుండి ప్రతిఫలాన్నిగానీ చివరకు కృతజ్ఞతనుగానీ ఆశించని సజ్జనులను వర్ణించాయి. ధన్యవాదం కూడా ఆశించరాదన్నచోట, పుచ్చుకున్నవాని వీపు మీద ప్రకటన మోయించడం ఎంతవరకు సబబో ఎవరికి వారే ఆలోచించుకోవచ్చు.

దైవప్రవక్త (స) ఆచరణ

సహీహ్ ముస్లింలో హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) తెలిపిన ఒక సంఘటన ఉన్నది. ముజర్ తెగకు చెందిన కొందరు సరైన వస్త్రాలు కూడా లేని స్థితిలో మదీనాకు వచ్చారు. వారి దుస్థితి చూచి దైవప్రవక్త (స) ముఖం రంగు మారింది. నమాజు తరువాత ఆయన దానానికి పిలుపునిచ్చారు. ఒక అన్సారీ సహచరుడు చేతికి మోయరానంత బరువైన సంచి తెచ్చి అందరి ముందూ సమర్పించాడు. అతణ్ణి చూచి ఇతరులు వరుసగా రాసాగారు. ధాన్యం, వస్త్రాలు రెండు కుప్పలుగా పోగయ్యాయి. ఒక మంచి సంప్రదాయాన్ని ప్రారంభించినవానికి తన పుణ్యంతోపాటు దానిని అనుసరించినవారి పుణ్యంలాంటిది కూడా లభిస్తుందని దైవప్రవక్త (స) ఆ సందర్భంలోనే బోధించారు. ఇతరులను ప్రోత్సహించే బహిరంగ దానానికి ఈ హదీసు గట్టి ఆధారం.

కాగా, కుడిచేయి ఇచ్చినది ఎడమచేయికి తెలియనంత గుట్టుగా దానం చేసేవాడు తీర్పుదినాన అల్లాహ్ నీడను పొందే ఏడుగురిలో ఒకడని బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు తెలుపుతున్నది. సహీహ్ ముస్లింలోని మరొక హదీసు ప్రకారం తీర్పుదినాన మొట్టమొదట విచారణకు వచ్చే ముగ్గురిలో ఒకడు ధనవంతుడైన దాత. తాను ప్రతి సత్కార్యంలోనూ అల్లాహ్ కొరకే ధనం వెచ్చించానని అతడు విన్నవించుకుంటాడు. దాతృత్వం గలవాడని జనం చెప్పుకోవాలనే అతడు ఆ పని చేశాడనీ, జనం అలా చెప్పుకోవడం కూడా జరిగిపోయిందనీ అతనికి సమాధానం లభిస్తుంది. కోరిన ప్రతిఫలం లోకంలోనే పూర్తిగా ముట్టింది కనుక అతనికిక రావలసిన బాకీ ఏదీ లేదు.

రూమా బావి వృత్తాంతం ఈ విషయంలో ప్రత్యేకంగా గమనించదగినది. హిజ్రత్ తరువాత మదీనాలో తియ్యని నీటికి కొరత ఉండేది. రూమా బావి నీరు డబ్బిస్తేనే దొరికేది. దానిని కొని తన చేదను సాటి ముస్లింల చేదలతో సమానం చేసుకునేవారికి స్వర్గంలో అంతకంటే మేలైనది లభిస్తుందని దైవప్రవక్త (స) ప్రకటించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) తన సొంత ధనంతో దానిని కొని అందరికీ వదలిపెట్టారు. ఆయన దానం చేసిన సంగతి అందరికీ తెలుసు, చరిత్ర కూడా దానిని ఆయన పేరుతోనే చెప్పుకుంటున్నది. కానీ బావి దగ్గర ఆయన చేదకు ప్రత్యేకత లేదు. కొన్నవాడు సైతం అందరితోపాటే నీళ్ళు తోడుకోవాలి. పేరు తెలియడం వేరు, పేరు ద్వారా తిరిగి లాభం తోడుకోవడం వేరు అని ఈ సంఘటన స్పష్టం చేస్తున్నది.

వక్ఫు పత్రాలలో వాఖిఫ్ పేరు వ్రాసే ఆచారాన్ని కూడా ఈ వెలుగులోనే అర్థం చేసుకోవాలి. ఆస్తి ఎవరిది, ఏ షరతులతో ఎవరి కొరకు అంకితం చేశారు అన్న వివరాలు వ్రాతలో లేకపోతే రేపు ముతవల్లీగానీ వారసుడుగానీ దానిని కాజేయవచ్చు. అక్కడ పేరు ఆస్తికి కావలి కాస్తుంది.

పూర్వ పండితుల వివేచన

ఇమామ్ గజాలీ (మరణం హి.శ. 505, క్రీ.శ. 1111) తన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ గ్రంథంలో జకాతు మర్మాలను వివరించే భాగాన్ని ఈ చర్చకు కేటాయించారు. పూర్వపు సజ్జనులలో కొందరు తామెవరో తెలియకూడదని అంధుని చేతిలో దానం పెట్టేవారనీ, కొందరు పేదవాడు కూర్చునే చోట వదలి వెళ్ళేవారనీ, మరికొందరు నిద్రిస్తున్న పేదవాని వస్త్రం కొంగున ముడివేసి పోయేవారనీ ఆయన పేర్కొన్నారు. ఇతరులకు ప్రోత్సాహం కలుగుతుందన్న నమ్మకం ఉండి, తన మనసును ప్రదర్శనాబుద్ధి నుండి కాపాడుకోగలిగితే బహిరంగ దానం చేయవచ్చునని కూడా ఆయనే వ్రాశారు. పుచ్చుకునేవాని గుట్టు రట్టు కాకుండా చూడాలన్నది ఆయన చర్చలో ముఖ్యాంశం.

హజ్రత్ జైనుల్ ఆబిదీన్ (రహ్మ) రాత్రివేళ పిండి మూటలు వీపున మోసుకుని మదీనాలోని పేదల ఇండ్లకు చేర్చేవారని చరిత్రకారులు వ్రాశారు. ఆయన మరణించాక స్నానం చేయించేటప్పుడు వీపు మీద మూటలు మోసిన మచ్చలు కనిపించాయి. ఇంటికి వచ్చే పిండి ఆగిపోయిన తరువాతనే, ఇన్నాళ్ళూ తెచ్చినవారెవరో ఆ పేదలకు తెలిసింది. దానం గుర్తును ఆయన తన ఒంటి మీదనే మోశారు, పేదవాని ఒంటి మీద మోపలేదు.

కంపెనీకి నియ్యత్ ఉంటుందా?

పై వివరాలన్నీ వ్యక్తికి సంబంధించినవి. కంపెనీ విషయంలో ఒక కొత్త చిక్కు ఉన్నది. కర్మలు సంకల్పాలను బట్టి ఉంటాయి. సంకల్పానికి నిలయం హృదయం. కంపెనీకి హృదయం లేదు. 1896లో ఇంగ్లండులోని ప్రభువుల సభ సాలమన్ కేసులో ఇచ్చిన తీర్పు, చట్టం దృష్టిలో కంపెనీ దాని యజమానుల నుండి వేరైన ఒక ‘వ్యక్తి’ అన్న సూత్రాన్ని స్థిరపరచింది. భారతదేశపు కంపెనీ చట్టం కూడా ఆ సూత్రం మీదనే నడుస్తున్నది. ఈ ‘వ్యక్తి’ ఆస్తి కొనగలదు, అప్పు చేయగలదు, దావా వేయగలదు. అల్లాహ్ ముందు నిలబడి లెక్క చెప్పడం మాత్రం దానివల్ల కాదు. లెక్క చెప్పవలసినవారు దానిని నడిపే మనుషులే.

ఇస్లామీ సమావేశ సంస్థకు చెందిన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ 1988 ఫిబ్రవరిలో జిద్దాలో జరిపిన నాలుగవ సమావేశంలో కంపెనీ వాటాల జకాతును పరిశీలించింది. జకాతు వాటాదారుల మీద విధి అవుతుందని అది తీర్మానించింది. కంపెనీ నియమావళిలో ఆ మేరకు ఉన్నప్పుడు, లేదా వాటాదారుల సర్వసభ్య సమావేశం నిర్ణయించినప్పుడు, లేదా దేశ చట్టం ఆదేశించినప్పుడు, లేదా వాటాదారుడు అప్పగించినప్పుడు యాజమాన్యం వారి పక్షాన దానిని చెల్లించవచ్చునని పేర్కొన్నది.

దీనిని బట్టి ఒక సంగతి బోధపడుతుంది. కంపెనీ సొమ్మును దానంగా ఇచ్చే డైరెక్టరు తన సొమ్ము ఇవ్వడం లేదు. అతడు వాటాదారుల ధనానికి ధర్మకర్త. వాటాదారులు ప్రకటన కొరకు అప్పగించిన సొమ్మును ప్రకటనకు, ధర్మం కొరకు అప్పగించిన సొమ్మును ధర్మానికి వినియోగించవలసిన బాధ్యత అతని మీద ఉన్నది. రెండింటినీ కలిపివేసినప్పుడు రెండు విధాలా అమానతుకు లోటు కలుగుతుంది.

దానం వ్యాపార సాధనమైన విధం

దానాన్ని అమ్మకాలతో ముడిపెట్టే పద్ధతికి 1983లో అమెరికాలో జరిగిన ఒక ప్రచారాన్ని ఉదాహరణగా చెబుతుంటారు. న్యూయార్కు రేవులోని స్వేచ్ఛాప్రతిమ మరమ్మతు కొరకు అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ ఒక పథకం ప్రకటించింది. ఖాతాదారు తమ కార్డు వాడిన ప్రతిసారీ ఒక సెంటు, కొత్త కార్డు తీసుకున్నప్పుడు ఒక డాలరు ఆ నిధికి ఇస్తామన్నది. నిధికి 17 లక్షల డాలర్లు చేరాయి. కార్డు వాడకం అంతకుముందటి సంవత్సరం కంటే 28 శాతం పెరిగింది. ఆ ప్రచారానికి కంపెనీ వెచ్చించిన సొమ్ము విరాళం కంటే అధికం. ప్రతిమకు మరమ్మతు జరిగిన మాట నిజమే. అయితే ఆ వ్యవహారంలో కంపెనీ కొనుక్కున్నది ఆదరణ. అందుకు అది వెల చెల్లించింది.

1999 నాటి మరొక ఉదంతం ఇంకా స్పష్టమైనది. సిగరెట్ల తయారీలో పేరుమోసిన ఫిలిప్ మోరిస్ కంపెనీ ఆ సంవత్సరం ధర్మకార్యాలకు 7 కోట్ల 50 లక్షల డాలర్లు ఇచ్చి, ఆ సంగతి జనానికి చాటడానికి 10 కోట్ల డాలర్ల ప్రకటనల కార్యక్రమం చేపట్టింది. ఇచ్చినదాని కంటే ఇచ్చామని చెప్పుకోవడానికే ఎక్కువ ఖర్చయింది. ధూమపానం వల్ల ప్రాణాలు పోతున్న కాలంలో ఆ సరుకు అమ్మేవారికి దానం ఒక ముసుగుగా ఉపయోగపడింది.

ఉచితంగా ఇచ్చిన పాలడబ్బా

బ్రాండు దానం ఎంత హాని చేయగలదో తెలుసుకోవడానికి పోతపాల చరిత్ర చాలు. గత శతాబ్దపు చివరి దశాబ్దాలలో బహుళజాతి కంపెనీలు ఆసియా, ఆఫ్రికా దేశాల ప్రసూతి ఆసుపత్రులకు పాలపొడి డబ్బాలను ఉచితంగా సరఫరా చేశాయి. పైకి చూడడానికి అది పసిబిడ్డలకు చేసిన మేలే. కానీ పుట్టిన తొలిరోజులలో బిడ్డ సీసాకు అలవాటు పడితే తల్లికి పాలు తగ్గిపోతాయి. ఇంటికి వెళ్ళిన తరువాత ఉచిత డబ్బా రాదు, కొనుక్కోవాలి. కొనలేని తల్లి పొడిని పలుచగా కలుపుతుంది. నీరు పరిశుభ్రమైనది కాకపోతే బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. ఈ విధంగా ఎందరో పసిబిడ్డలు పోషణ లేక కృశించారు, మరణించారు. 1977లో అమెరికాలో నెస్లే సరుకుల బహిష్కరణోద్యమం మొదలైంది.

1981 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాల ప్రత్యామ్నాయాల విక్రయానికి ఒక అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. 118 దేశాలు అనుకూలంగా ఓటు వేయగా, అమెరికా ఒక్కటే వ్యతిరేకించింది. 3 దేశాలు తటస్థంగా ఉన్నాయి. దానం మీది ముద్రను గురించి ఆ నియమావళిలో ఒక సూక్ష్మమైన విభజన ఉన్నది. ఆసుపత్రులకు విరాళంగా ఇచ్చే పరికరాల మీద కంపెనీ పేరుగానీ గుర్తుగానీ ఉండవచ్చును. ఆ నియమావళి పరిధిలోకి వచ్చే సరుకు ప్రస్తావన మాత్రం వాటి మీద ఉండకూడదు. భారతదేశం 1992లో చేసిన చట్టం మరింత కట్టుదిట్టమైనది. అనాథాశ్రమాలకు తప్ప మరెవరికీ శిశువుల పోతపాలను, పాలసీసాలను దానంగా ఇవ్వరాదని అది నిషేధించింది. 2003లో దానిని సవరించి మరింత పటిష్ఠం చేశారు.

పాలివ్వడం పూర్తి చేయదలచిన తల్లులకు రెండు సంవత్సరాల గడువును సూచించిన ఆయతు (అల్ బఖరా: 233) ప్రతి ముస్లిం కుటుంబానికీ తెలిసినదే. దానం పేరుతో వచ్చిన డబ్బా ఆ పాలను ఎండగట్టింది. దానాన్ని పుచ్చుకున్నవాడు రేపు కొనుగోలుదారుడు కావాలన్న ఉద్దేశంతో ఇచ్చినది ఎంత ఉచితమైనా ఎర అవుతుంది.

జకాతు విషయం

సదఖాలో సంకల్ప లోపం దాత పుణ్యఫలాన్ని హరిస్తుంది. జకాతు విషయం ఇంకా గంభీరమైనది. అది దాత ఔదార్యం కాదు, పేదల హక్కు. తౌబా అధ్యాయంలోని 60వ ఆయతు దాని హక్కుదారులను ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది.

తెలుగు ముస్లింలలో అధికసంఖ్యాకులు అనుసరించే హనఫీ మజ్‌హబులో జకాతు నిర్వచనాన్నే గమనించాలి. ఇమామ్ నసఫీ (మరణం హి.శ. 710, క్రీ.శ. 1310) తన ‘కన్జుద్దఖాయిఖ్’ గ్రంథంలో జకాతును నిర్వచిస్తూ, ధనాన్ని అర్హుడైన పేదవానికి యాజమాన్య హక్కుతో అప్పగించాలనీ, ఇచ్చినవానికి ఆ ధనంతో ఉండే ప్రయోజన సంబంధం అన్ని విధాలా తెగిపోవాలనీ, అది అల్లాహ్ కొరకే జరగాలనీ షరతులు చెప్పారు. తల్లిదండ్రులకు, సంతానానికి, జీవిత భాగస్వామికి జకాతు చెల్లదని చెప్పడానికి ఫుఖహాలు ఈ షరతును ఆధారం చేసుకున్నారు. ఒకే కుటుంబంలో ఇచ్చినది ఏదో ఒక రూపంలో ఇచ్చినవానికే తిరిగి ఉపయోగపడుతుంది గదా.

ఆ గ్రంథాలు వ్రాసేనాటికి కంపెనీ ప్రకటనలు లేవు. రేషను సంచి మీది ముద్ర వల్ల కలిగే లాభం ఈ షరతును ఎంతవరకు భంగపరుస్తుందన్నది ముఫ్తీలు తేల్చవలసిన విషయం. పేదవాని చేతికి బియ్యం నిజంగానే చేరినప్పుడు జకాతు చెల్లిందని ఒక ముఫ్తీ చెప్పవచ్చు. కానీ షరతు వెనుక ఉన్న భావం స్పష్టమే. ఇచ్చిన సొమ్ము దారి మళ్ళి ఇంటికి రాకూడదు. కనీసం ఒక్క విషయంలో సందేహానికి తావులేదు. సంచుల మీద అచ్చుకు, బానర్లకు, ఫోటోలకు, సభకు అయిన ఖర్చును జకాతు లెక్కలో వ్రాయడానికి వీలులేదు. అది పేదవాని పళ్ళెం నుండి తీసి ప్రకటనకు పెట్టడమే.

అక్రమార్జన విషయంలోనూ ఇదే మెలకువ అవసరం. బ్యాంకు ఖాతాలో చేరిన వడ్డీని పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయాలని ఉలమాలు చెప్పే మాట అందరికీ సుపరిచితమే. బహ్రెయిన్ కేంద్రంగా పనిచేసే ఆవోఫీ సంస్థ షరీఅత్ ప్రమాణాలు కూడా అట్టి సొమ్ము వల్ల ఏ రూపంలోనూ లాభం పొందకూడదనీ, చివరకు పన్ను కట్టడానికి కూడా దానిని వాడుకోకూడదనీ చెబుతున్నాయి. అటువంటి సొమ్ముతో కొన్న దుప్పటి మీద దాత తన పేరు అచ్చు వేయించుకోవడం ఎంత విపరీతమో వేరే చెప్పనక్కరలేదు.

దేశ చట్టం ఏమంటున్నది?

భారతదేశంలో 2013 కంపెనీ చట్టంలోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. నిర్ణీత పరిమాణాన్ని మించిన కంపెనీలు, ఉదాహరణకు 5 కోట్ల రూపాయలు లేక అంతకుమించి నికర లాభం గలవి, గత మూడు సంవత్సరాల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత క్రింద వెచ్చించాలి. 2021 జనవరిలో సవరించిన నిబంధనలు ఒక ముఖ్యమైన మాట చేర్చాయి. తమ సరుకులకు, సేవలకు మార్కెట్ లాభం కొరకు కంపెనీ ఇచ్చే స్పాన్సరుషిప్పులు ఈ లెక్కలోకి రావు.

లౌకిక చట్టం సైతం ధర్మానికీ ప్రకటనకూ మధ్య గీత గీసిందన్నమాట. పైగా, చట్టం విధించిన 2 శాతాన్ని చెల్లించి దానిని ఔదార్యంగా చాటుకోవడం పన్ను కట్టి సన్మానం కోరడంలాంటిది. ఈ ఖర్చుతో జకాతు బాధ్యత తీరిపోయిందని భావించడం కూడా పొరబాటే. రెండింటి లెక్క వేరు, హక్కుదారులు వేరు, సంకల్పం వేరు.

పుచ్చుకునేవారి ఇబ్బంది

‘పేరు వేయకపోతే కంపెనీ బియ్యం ఇవ్వదు. బియ్యం రాకపోతే పిల్లలు పస్తులుంటారు. ఇఖ్లాసు లేదని మేము తిప్పి పంపగలమా?’ అని అనాథాశ్రమం నడిపేవారు అడగవచ్చు. ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. దాత సంకల్పం దాతకూ అల్లాహ్‌కూ మధ్య విషయం. ఆకలిగొన్నవాడు దానికి జవాబుదారుడు కాడు. దాత హృదయాన్ని తవ్వి చూడమని కమిటీని కూడా ఎవరూ ఆదేశించలేదు.

దీనికి ఒక ధర్మబద్ధమైన మార్గం ఉన్నది. కంపెనీకి ప్రచారం కావాలంటే దానిని వ్యాపార ఒప్పందంగానే చేసుకోవాలి. వ్యాపారం హలాల్. అమ్మే సరుకు హలాల్ అయినప్పుడు సంస్థ తన పత్రికలో ఒక పేజీనో, ప్రహరీ గోడ మీద కొంత స్థలాన్నో ప్రకటనకు ఇచ్చి, వచ్చిన రుసుమును పిల్లల భోజనానికి వాడుకోవచ్చు. కంపెనీ దానిని తన ప్రకటనల ఖాతాలో వ్రాసుకుంటుంది. అప్పుడు అమ్మకాన్ని దానమని పిలిచే అవసరం ఎవరికీ ఉండదు.

అయితే గోడ సంస్థది కనుక దానిని అద్దెకు ఇచ్చే అధికారం కమిటీకి ఉన్నది. పిల్లవాని ముఖం కమిటీది కాదు. రేషను సంచి అందుకుంటున్న వితంతువు ఫోటో కూడా కమిటీ సొత్తు కాదు. వరుసలో నిలబెట్టి, సంచి మీది గుర్తు కనిపించేటట్లు పట్టుకోమని చెప్పి ఫోటో తీయించినప్పుడు ఆమె కాదనగలదా? కాదంటే సంచి రాదేమోనన్న భయం ఉన్నచోట ఆమె సమ్మతి సమ్మతే కాదు. ఇమామ్ గజాలీ హెచ్చరించిన గుట్టు రట్టు కావడం సరిగా ఇక్కడే జరుగుతుంది. గుట్టుగా బ్రతికేవారిని, అడగడానికి అభిమానపడేవారిని తెలియనివాడు కలిగినవారనుకుంటాడని అల్ బఖరా 273వ ఆయతు తెలుపుతున్నది. అట్టివారు ఫోటోలు తీసేచోటికి రానే రారు. దానం ఎవరికి మొదట చేరాలో వారినే ఈ పద్ధతి దూరం చేస్తున్నది. ఆపదలో ఉన్నవారిని నిస్సహాయ వస్తువులుగా గాక గౌరవనీయులైన మానవులుగా చూపాలని అంతర్జాతీయ రెడ్‌క్రాస్, రెడ్‌క్రెసెంట్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు కలిసి 1994లో రూపొందించుకున్న ప్రవర్తనా నియమావళిలోని పదవ సూత్రం చెబుతున్నది.

ఆచరణలో

పై చర్చను బట్టి దాతలు, కమిటీలు కొన్ని ప్రశ్నలు వేసుకోవచ్చు. పేరు తీసివేసినా కంపెనీ ఈ దానం చేస్తుందా? ప్రచారానికైన ఖర్చు ఏ ఖాతా నుండి వచ్చింది? పుచ్చుకున్నవాడు ఆ ముద్రను ఎంతకాలం మోయాలి? దానివల్ల అతడు రేపు ఏదైనా కొనవలసి వస్తుందా? అంబులెన్సు మీది పేరును రోగి మోయడు, కానీ చొక్కా మీది పేరును పిల్లవాడు మోస్తాడు. రసీదు మీద, వార్షిక నివేదికలో, వక్ఫు పత్రంలో దాత పేరు ఉండాలి. లేకపోతే లెక్క తనిఖీ జరగదు, నమ్మకం నిలవదు. పది కంపెనీల యజమానులున్న సభలో ఒకరు తమ విరాళాన్ని ప్రకటిస్తే మిగిలిన తొమ్మిదిమంది కదలవచ్చు. ముజర్ తెగవారి కొరకు సంచి తెచ్చిన అన్సారీ సహచరుని మార్గం అది. అట్టి ప్రకటన దాతల మధ్యనే ఉండిపోతుంది, పేదవాని ఇంటిదాకా రాదు.

సంచుల విషయంలో చేయవలసినది చాలా చిన్న మార్పు. రమజాను రేషనును బజారులో దొరికే మామూలు సంచులలో నింపి, చీకటిపడ్డాక ఇంటికి చేర్చవచ్చు. ఆ ఇంటివారు దానిని అంగడి నుండి తెచ్చుకున్నారో ఎవరైనా ఇచ్చారో పొరుగువారికి తెలియదు. అచ్చుకయ్యే డబ్బుతో మరికొన్ని ఇండ్లకు బియ్యం చేరుతుంది. దాత తన చేదను అందరి చేదలతోపాటే ఉంచిన రూమా బావి ఆదర్శం ఈనాటి వ్యాపారవేత్తకు అసాధ్యమైనదేమీ కాదు. అల్లాహ్ ఇచ్చేవారి సంకల్పాలను శుద్ధి చేసి, పుచ్చుకునేవారి అభిమానాన్ని కాపాడుగాక. ఆమీన్.